కొలత ఎవరి చేతిలో ఉండాలి?

శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక వచ్చే మెయిల్‌లో మంచి వార్త ఉండదని మా వృత్తిలో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో కూర్చుని గల్ఫ్‌లో కట్టే హోటల్‌కి మోడల్ చేస్తున్న రోజుల్లో నాకూ అలాంటిదొకటి వచ్చింది. గదుల మధ్య గోడ 150 మిల్లీమీటర్లు కాదు, 200. తలుపులు సరిచేసి పంపండి. అంతే. గోడ మార్చడం నిమిషం పని. తలుపు ఫ్యామిలీ తెరిచి, ద్వారబంధం లోతు దగ్గర 200 కొట్టి ఎంటర్ నొక్కాను. "కన్‌స్ట్రెయింట్స్ ఆర్ నాట్ శాటిస్‌ఫైడ్" అంది రెవిట్. ఇంకో టైప్‌లో ప్రయత్నిస్తే బంధం పెరిగింది కానీ రెక్క పాతచోటే ఉండిపోయింది. మూడోదాంట్లో హ్యాండిల్ వెళ్లి గోడలో దూరింది. ఆ ఫ్యామిలీ కట్టింది నేనే కాబట్టి తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

రెవిట్ మొదటి వెర్షన్ 2000లో వచ్చింది, 2002లో ఆటోడెస్క్ దాన్ని తయారుచేసిన కంపెనీని కొనేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ సాఫ్ట్‌వేర్ చెప్పే మాట ఒక్కటే: ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. నిజమే, మారుతుంది. ఆ "ఒకచోటు" ఏదో మనం ముందే తేల్చి పెడితే. నా తలుపులో ద్వారబంధం లోతు నాలుగు చోట్ల రాసి ఉంది. బంధం ఫ్యామిలీలో ఒకటి, రెక్క ఫ్యామిలీలో ఒకటి, పైన తలుపులో ఒకటి, ఇక హ్యాండిల్‌ని ఎంత దూరంలో పెట్టాలో చెప్పే ఒక ఫార్ములాలో అంకెగానే ఇంకొకటి. నాలుగూ 150 ఉన్నంతకాలం ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఈ అధ్యాయమంతా ఆ నాలుగింటిని ఒకటి చేయడం గురించే.

ముందు వడ్రంగి భాషలో మాట్లాడుకుందాం. తలుపంటే మూడు వస్తువులు: గోడలో కూర్చునే ద్వారబంధం (తెలంగాణలో దర్వాజ), తిరిగే రెక్క, దానికి తగిలించే సామాను, అంటే హ్యాండిల్, గడియ, బందులు. రెవిట్‌లో కూడా ఈ మూడింటినీ విడివిడి ఫ్యామిలీలుగా చేసి, వాటిని తలుపు అనే పెద్ద ఫ్యామిలీలోకి దించుతాం. దీన్నే నెస్టింగ్ అంటారు. పైనున్నది హోస్ట్, లోపలివి పిల్లలు అనుకోండి. అదే హ్యాండిల్‌ని పది తలుపుల్లో వాడుకోవచ్చు, అదే రెక్కని కిటికీకి తప్ప అన్నిటికీ వాడుకోవచ్చు. లాభం అక్కడుంది. చిక్కు కూడా అక్కడే ఉంది: పిల్లకు తన కొలత తనకుంటుంది, హోస్ట్‌కు తన కొలత తనకుంటుంది, ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతుంటారు.

నేను ఇప్పుడు ఏ ఫ్యామిలీ మొదలుపెట్టినా మౌస్ పట్టుకోను. తెల్ల కాగితం తీసుకుని అందులోని కొలతలన్నీ రాసి, ఒక్కోదాని పక్కన మూడింటిలో ఒక మాట రాస్తాను: అడగాలి, లెక్కకట్టాలి, మారదు. ద్వారం వెడల్పు అడగాలి, అది మోడల్ చేసేవాడు చెబుతాడు. రెక్క వెడల్పు లెక్కకట్టాలి, దాన్ని ఎవరూ చెప్పకూడదు. ద్వారబంధంలో రెక్క కూర్చునే గాడి లోతు మారదు. ఈ పని పది నిమిషాలు పడుతుంది. పాతికేళ్లున్న కుర్రాళ్లకి ఇది చాదస్తంలా కనిపిస్తుందని తెలుసు. ఆ శుక్రవారం రాత్రి నేను రెండింటిదాకా ఆఫీసులో ఉన్నాను.

లెక్కకట్టాల్సిన కొలత ఎలా ఉంటుందో చూడాలంటే మన భారతీయ ప్రమాణాలనే తీసుకోవచ్చు. చెక్క తలుపుల ప్రమాణాల్లో ద్వారానికి 10 డీఎస్ 21 లాంటి పేరు ఉంటుంది. 100 మిల్లీమీటర్లు ఒక మాడ్యూల్. ద్వారం వెడల్పు పది మాడ్యూళ్లు, ఎత్తు ఇరవై ఒకటి. డీ అంటే డోర్, ఎస్ అంటే ఒంటి రెక్క. పేరు చూడగానే ద్వారం 1000 × 2100 అని తెలిసిపోతుంది. మరి రెక్క ఎంత? రెండు పక్కలా గోడకూ బంధానికీ మధ్య 5 చొప్పున వదిలితే బంధం బయటి వెడల్పు 990. నిలువు చెక్క 60, అందులో గాడి 15 అనుకుంటే ఒక్కో పక్క 45 పోతుంది. 990లోంచి 90 తీసేస్తే రెక్క 900. ద్వారం 900 అయితే రెక్క 800, ద్వారం 800 అయితే రెక్క 700. ఇందులో మనం చెప్పాల్సిన కొలత ఒక్కటే, ద్వారం వెడల్పు. చెక్క మందమూ, గాడీ, సందూ ఒకసారి రాసి వదిలేసేవి. రెక్క వెడల్పు అనే గడిలో టైప్ చేయడానికి ఎవరికీ అవకాశం ఉండకూడదు. అక్కడ ఫార్ములా పెట్టగానే రెవిట్ ఆ గడికి తానే తాళం వేస్తుంది.

ఆ ఫార్ములా ఎక్కడ రాయాలి? హోస్ట్‌లో. పిల్ల ఫ్యామిలీలో లెక్కలు పెట్టొద్దు. రెక్కకి తన వెడల్పు ఎంతో తెలియాలి తప్ప ఎందుకంతో తెలియనక్కర్లేదు. ఇది నా పట్టుదల, చాలామంది ఒప్పుకోరు. కానీ ఆర్నెల్ల తర్వాత తప్పు ఎక్కడుందో వెతుక్కునేటప్పుడు లెక్కలన్నీ ఒకే పెట్టెలో ఉంటే ఎంత హాయిగా ఉంటుందో వాళ్లకూ ఒకనాటికి తెలుస్తుంది.

హోస్ట్‌లో లెక్క తేలిన విలువను పిల్లకు అందించడం చిన్న పనే. లోపలి రెక్కని ఎంచుకుంటే దాని పారామీటర్ పక్కన చిన్న బొత్తం కనిపిస్తుంది. దాన్ని నొక్కి హోస్ట్ పారామీటర్‌తో జత చేస్తాం. జతపడ్డాక అందులో సమాన చిహ్నం వస్తుంది. ఇక్కడే మొదటిసారి చాలామంది కాలు జారేది: పిల్లలో ఆ పారామీటర్ టైప్‌దా, ఇన్‌స్టెన్స్‌దా?

ఒకటిన్నర రెక్క తలుపు తెలుసుగా. ఆసుపత్రుల్లో, ఫంక్షన్ హాళ్లలో ఉంటుంది. ఒక రెక్క వెడల్పు, రెండోది సన్నం. మామూలప్పుడు వెడల్పుదే తెరుస్తారు. రెక్క ఫ్యామిలీలో వెడల్పుని టైప్ పారామీటర్‌గా పెట్టి, దాన్నే రెండుసార్లు తలుపులో దించారనుకోండి. ఒకదానికి 900 ఇస్తే రెండోది కూడా 900 అవుతుంది. టైప్ ఒకటే కాబట్టి కొలతా ఒకటే. రెండో టైప్ తయారుచేసి తప్పించుకోవచ్చు. కానీ పిల్లలో వెడల్పుని ఇన్‌స్టెన్స్‌గా పెట్టి ఉంటే ఆ అవసరమే రాదు: ఒక్కో రెక్కకి దాని కొలత దానిది. పిల్లలో ఇన్‌స్టెన్స్‌గా ఉన్నదాన్ని హోస్ట్‌లో టైప్ పారామీటర్‌తో జత చేయడానికి అడ్డేమీ లేదు. అందుకే సాగే కొలతలన్నీ పిల్లలో ఇన్‌స్టెన్స్‌గా, వాటిని నడిపించేవి హోస్ట్‌లో టైప్‌గా పెట్టడం నా అలవాటు.

దీని తలకిందులు మాత్రం కుదరదు. టైప్ పారామీటర్ ఫార్ములాలో ఇన్‌స్టెన్స్ పారామీటర్ పేరు రాస్తే రెవిట్ ఒప్పుకోదు. ఒక టైప్‌కి చెందిన వంద తలుపులకూ ఉమ్మడిగా ఉండాల్సిన విలువ, ఒక్కో తలుపుకూ మారిపోయే విలువ మీద ఎలా ఆధారపడుతుంది? నీరు పల్లమెరుగు అన్నట్టు టైప్ నుంచి ఇన్‌స్టెన్స్‌కే ప్రవాహం. ఇది బంధం లోతు దగ్గర బాగా తగులుతుంది. గోడ మందాన్ని రిపోర్టింగ్ పారామీటర్ తనంతట తానే చదువుకోగలదు, కాకపోతే ఆ కొలత గోడ రెండు ముఖాల మధ్యే తీసి ఉండాలి. కానీ ఈ పారామీటర్ ఇన్‌స్టెన్స్ జాతి. దాన్ని వాడుకోవాలంటే బంధం లోతు కూడా హోస్ట్‌లో ఇన్‌స్టెన్స్ కావాల్సిందే. హోటల్ తలుపులో నేను ఆ పని చేసి ఉంటే శుక్రవారం మెయిల్‌కి నా జవాబు "గోడ మార్చాం" అనే రెండు మాటలే.

ఇక షేర్డ్ సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

పిల్ల ఫ్యామిలీ లక్షణాల్లో షేర్డ్ అనే గడిలో టిక్ పెడితే అది ప్రాజెక్టులో తన సొంత పేరుతో కూడా బతుకుతుంది. షెడ్యూల్‌లో విడిగా లెక్కకొస్తుంది, ట్యాగ్ చేయొచ్చు, ట్యాబ్ నొక్కి విడిగా ఎంచుకోవచ్చు. హ్యాండిళ్లు ఎన్ని కొనాలో లెక్క కావాలంటే ఇది తప్పదు. దీనికి చెల్లించాల్సిన వెల కూడా ఉంది. షేర్డ్ పిల్ల టైప్ పారామీటర్లను హోస్ట్‌తో జత చేయలేరు. దాని టైపులు ఇప్పుడు ప్రాజెక్టు సొత్తు, ఒక తలుపు వాటిని తన ఇష్టానికి సాగదీయడం కుదరదు. ఇన్‌స్టెన్స్ పారామీటర్లు మాత్రం జతపడతాయి. సాగే కొలతలు ఇన్‌స్టెన్స్‌గా ఉండాలన్న నా పట్టుదలకి రెండో కారణం ఇదే. మొదట్లో మామూలుగా కట్టిన రెక్కని క్లయింటు లెక్క అడిగాడని ఏడో నెలలో షేర్డ్ చేయాల్సి వస్తే, కొలతలు టైప్‌గా ఉన్నవాడు ఫ్యామిలీ మళ్లీ కట్టుకోవాలి.

మాటలో మాట: షేర్డ్ ఫ్యామిలీ వేరు, షేర్డ్ పారామీటర్ వేరు. పేరు పెట్టినవాళ్లకి మనమీద ఏం కోపముందో. రెక్క వెడల్పు షెడ్యూల్ గడిలో కనిపించాలంటే ఆ పారామీటర్ కూడా షేర్డ్ అయి ఉండాలి, అంటే ఉమ్మడి టెక్స్ట్ ఫైల్లోంచి తెచ్చింది అయి ఉండాలి. రెవిట్ దాన్ని పేరుతో కాక లోపల ఉన్న ఒక గుర్తింపు సంఖ్యతో పోల్చుకుంటుంది. మీరొక ఫైల్లో "రెక్క వెడల్పు" అని, మీ పక్క సీటాయన ఇంకో ఫైల్లో "రెక్క వెడల్పు" అని విడివిడిగా సృష్టిస్తే షెడ్యూల్‌లో రెండూ ఒక గడిలోకి రావు. ఆఫీసుకంతా ఒకే ఫైల్ ఉండాలి, అది ఒకరి ఆధీనంలో ఉండాలి.

షేర్డ్ వల్ల నాకు జరిగిన పెద్ద అవమానం కొలతల్లో కాదు, లెక్కల్లో. ఒక తలుపులో మూడు రకాల హ్యాండిళ్లు దించి, అవును-కాదు పారామీటర్లతో ఒకటి చూపించి రెండు దాచేశాను. తెర మీద అంతా సరిగ్గా ఉంది. షెడ్యూల్ తీస్తే తలుపుల కన్నా హ్యాండిళ్లు మూడింతలు! కనిపించకపోయినంత మాత్రాన షేర్డ్ పిల్ల లేనట్టు కాదు. అది అక్కడే ఉంది, లెక్కలోకి వస్తుంది. క్లయింటు తరఫు క్వాంటిటీ సర్వేయర్ మర్యాదస్తుడు కాబట్టి ఫోన్లో ఒక్కసారే నవ్వాడు.

దాచడానికి బదులు మార్చాలి. దానికి ఫ్యామిలీ టైప్ పారామీటర్ ఉంది. లోపలి హ్యాండిల్‌ని ఎంచుకుని దాని లేబుల్‌గా ఈ పారామీటర్‌ని ఇస్తే, హోస్ట్‌లో ఒక జాబితా వస్తుంది. అదే కేటగిరీలో మీరు దించిన ఫ్యామిలీలూ వాటి టైపులూ అందులో ఉంటాయి. ఉన్న చోటులో ఒక్క హ్యాండిలే ఉంటుంది, అదేదో జాబితా చెబుతుంది. అసలు హ్యాండిలే వద్దనుకుంటే? బొమ్మేమీ లేని ఖాళీ ఫ్యామిలీని అదే కేటగిరీలో చేసి "లేదు" అని పేరు పెట్టి దించండి. దానికి మాత్రం షేర్డ్ టిక్ పెట్టకండి, లేకపోతే షెడ్యూల్‌లో "లేదు" అనే సామాను నలభై కొనాలని వస్తుంది.

ఇక్కడొక తేడా గమనించాలి. రెక్క సాగుతుంది, హ్యాండిల్ సాగదు. వడ్రంగి రెక్కని ఏ కొలతకైనా కోస్తాడు. హ్యాండిల్ దుకాణంలో ఉన్న సైజుల్లోనే దొరుకుతుంది. సాగే వస్తువుకి కొలతల పారామీటర్లు ఇవ్వండి, దొరికే వస్తువుకి టైపులు ఇచ్చి జాబితాలోంచి ఎంచుకోనివ్వండి. హ్యాండిల్‌కి పొడవు పారామీటర్ పెట్టి 163 మిల్లీమీటర్లకు సాగదీసినవాళ్లని చూశాను. మోడల్‌లో అందంగానే ఉంటుంది, ఏ బజార్లోనూ దొరకదు.

ఇప్పుడు సైజుల సంఖ్య. నాలుగు వెడల్పులు, రెండు ఎత్తులు, మూడు గోడ మందాలు, మూడు రెక్క డిజైన్లు, రెండు హ్యాండిళ్లు. అన్నీ టైప్ పారామీటర్లే అయితే 144 టైపులు చేయాలి. గోడ మందాన్ని ఇన్‌స్టెన్స్‌కి దించితే మూడో వంతు, 48. హ్యాండిల్‌ని కూడా దించితే 24. రెక్క డిజైన్ కూడా దించేస్తే ఎనిమిదే మిగులుతాయి. కానీ నేను 24 దగ్గర ఆగుతాను. డిజైన్ మారితే తలుపు ధర మారుతుంది, ధర మారేది టైప్ పేరులో కనిపించాలి. ఒకే టైప్ పేరు కింద ఫ్లష్ డోరూ టేకు ప్యానెల్ డోరూ కలిసిపోతే, టైపులు తగ్గించిన సంతోషం షెడ్యూల్ ప్రింటు తీసేదాకానే.

24 టైపులు చేత్తో చేయొచ్చు. రెండు వందలు అయితే టైప్ కేటలాగ్ రాయండి. ఫ్యామిలీ ఫైల్ పేరుతోనే, అదే ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. మొదటి వరుసలో మొదటి గడి ఖాళీగా వదిలి, తర్వాత కామాల మధ్య పారామీటర్ పేరు, కొలత జాతి, యూనిట్ రాస్తారు. ఆ కింద వరుసకొక టైప్. లోడ్ చేసేటప్పుడు జాబితా కనిపిస్తుంది, కావాల్సినవి మాత్రమే ప్రాజెక్టులోకి వస్తాయి. ఫైల్ పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా జాబితా రాదు, ఎందుకు రాలేదో రెవిట్ చెప్పదు కూడా. మరొకటి: టెక్స్ట్ ఫైల్ మారిస్తే ఇప్పటికే ప్రాజెక్టులో ఉన్న టైపులు తమంతట తాము మారవు, మళ్లీ లోడ్ చేసుకోవాలి.

కొన్ని కొలతలకు ఫార్ములా దొరకదు. ఉక్కు పైపులు చూడండి. 50 నామమాత్రపు సైజు పైపు బయటి వ్యాసం 60.3, 100 అంటే 114.3, 150 అంటే 168.3. వీటిని కలిపే లెక్కేమీ లేదు, చరిత్ర అలా తయారుచేసింది. లోపల ఫ్లాంజి, బోల్టులు నెస్ట్ చేసిన వాల్వుకి ఇలాంటి కొలతలు డజను ఉంటాయి. ఒకదానిలో ఒకటిగా ఇఫ్ ఫార్ములాలు గుచ్చుకుంటూ పోతే మర్నాడు మీకే అర్థం కాదు. ఇక్కడ లుకప్ టేబుల్ వాడాలి: సీఎస్‌వీ ఫైల్‌ని ఫ్యామిలీలోకి దిగుమతి చేసుకుని, సైజ్ లుకప్ ఫార్ములాతో నామమాత్రపు సైజు ఇచ్చి మిగతావి రాబట్టుకోవాలి. టేబుల్ హోస్ట్‌లో ఉంటే చాలు, పిల్లలకి విలువలు జతల ద్వారా వెళ్తాయి. సీఎస్‌వీలో అంకె మార్చాక మళ్లీ దిగుమతి చేయడం మర్చిపోకండి, ఫ్యామిలీ లోపల ఉన్నది పాత నకలే. టేబుల్‌లో లేని సైజు అడిగితే ఏ విలువ ఇవ్వాలో కూడా ఆ ఫార్ములాలోనే రాయాలి. చాలామంది అక్కడ "దగ్గరగా ఉండే" అంకె పెడతారు. నేను 1000 పెడతాను. 50 పైపు మీద మీటరు వెడల్పు ఫ్లాంజి కనిపిస్తే ఎవరైనా ఆగి చూస్తారు.

పేర్ల గురించి క్లుప్తంగా: పారామీటర్ పేరులో మైనస్ గుర్తు పెట్టకండి, ఫార్ములా దాన్ని తీసివేత అనుకుంటుంది. పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా లెక్కే. నెస్టింగ్ రెండు అంతస్తులు దాటనీయకండి. మూడో అంతస్తులో తప్పు సరిచేస్తే దాన్ని రెండోదాంట్లోకి, దాన్ని మొదటిదాంట్లోకి, దాన్ని ప్రాజెక్టులోకి మళ్లీ లోడ్ చేయాలి. మధ్యలో ఒక్క మెట్టు మర్చిపోతే పాత బొమ్మే కనిపిస్తుంది. పారామీటర్ విలువలతో సహా పాత వెర్షన్ మీద రాసేయమనే ఎంపిక అడిగినప్పుడు ప్రాజెక్టులో ఎవరైనా టైపు విలువలు చేత్తో మార్చారేమో కనుక్కున్నాకే నొక్కండి, అవి చెరిగిపోతాయి.

చివరికి ఫ్లెక్స్ చేయడం, అంటే కొలతలు మార్చి ఫ్యామిలీని సాగదీసి చూడటం. అన్నిటికన్నా చిన్న సైజు, అన్నిటికన్నా పెద్దది, ఆ తర్వాత ఎవరూ అడగని జత ఒకటి: ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. సుమారు 0.8 మిల్లీమీటర్ల కన్నా చిన్న గీతని రెవిట్ గీయదు. ఫార్ములా ఎక్కడో సున్నా తేల్చిందంటే ఫ్యామిలీ విరిగేది అక్కడే. ఎడిటర్‌లో బాగున్నంత మాత్రాన సరిపోదు, ఖాళీ ప్రాజెక్టులో మూడు మందాల గోడలు గీసి ఒక్కోదాంట్లో ఒక్కో తలుపు పెట్టి చూడాలి.

ఆ హోటల్ తలుపుని సోమవారానికల్లా ఇలా మొదటినుంచి కట్టాను. మూడు నెలలకి మళ్లీ మెయిల్ వచ్చింది, మంగళవారం పొద్దున్నే: బాత్రూమ్ గోడలు 100 చేశారు. గోడ టైప్ మార్చాను. బంధం సన్నబడింది, రెక్క జరిగింది, హ్యాండిల్ దాని చోటులో అది నిలబడింది. కాఫీకి లేవబోతుంటే పక్క సీటులోని అమ్మాయి ప్లాన్‌ని పెద్దది చేసి చూపించింది. గోడకి రెండు పక్కలా పాతికేసి మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంది రాతి గడప. దాని వెడల్పు ఫార్ములాలో గోడ మందం అని రాయాల్సిన చోట 150 అని అంకె కొట్టి వదిలేశాను. కాగితం తీసి చూసుకుంటే జాబితాలో గడప పేరే లేదు.